ఉప్పులోని ఎదురు వరసలు

కొడుకు అళగిరిసామి మిల్లులో ఫిట్టరు పనికి పరీక్షకు వెళ్లిన రోజున లక్ష్మమ్మాళ్ వాకిట్లో తీరిగ్గా వడియాలు పెట్టుకుంది. భర్త రంగసామికి మేస్త్రీ పని వస్తుందా రాదా అని మిల్లు కార్మికులుండే లైన్లో ఇళ్లన్నీ చెవులు కొరుక్కున్నప్పుడు కూడా ఆమె నిద్ర చెడలేదు. అలాంటి మనిషికి కోడలు వళ్లి ఉద్యోగం సంగతి వచ్చేసరికి వారం ముందు నుంచే అన్నం సయించడం మానేసింది. ఎవరైనా అడిగితే వేడి చేసిందని చెప్పి మజ్జిగ తాగేది.

వళ్లి పుట్టిల్లు ఆండిపట్టి. నలుగురు అన్నల తర్వాత పుట్టిన పిల్ల కాబట్టి గారాబం చేసి మదురైలో బీఎస్సీ దాకా చదివించారు. తర్వాత అందరికీ చేసినట్టే పెళ్లి చేసి కోయంబత్తూరు పీళమేడు మిల్లు లైన్లో, తమలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్ల వంటింటికి పంపించారు. ఆ వంటింట్లో కోడలు రసం కాచినప్పుడల్లా చింతపండు ఎంత, నీళ్లెన్ని అని కొలిచి పోసేది. రసం బాగానే ఉండేది గాని ఆ కొలతలు చూస్తే లక్ష్మమ్మాళ్‌కు మనసొప్పేది కాదు. లాబరేటరీలో గ్లాసులు కొలవాల్సిన పిల్ల వంటింట్లో గరిటెలు కొలుస్తోందని ఆమెకు అనిపించేది.

అలా అనిపించడానికి కారణం ఉంది. పెళ్లయిన కొత్తలో లక్ష్మమ్మాళ్ కూడా మిల్లుకు పోయింది. నూలును చిలపలుగా, అంటే కట్టలుగా, చుట్టే రీలింగ్ ఖాతా అనే విభాగంలో పన్నెండేళ్లు నిలబడి పనిచేసింది. కొత్త మిషన్లు వచ్చాయని ఒకరోజు ఆడవాళ్లందరినీ ఇళ్లకు పొమ్మన్నారు. టిఫిన్ డబ్బా పట్టుకుని మధ్యాహ్నమే ఇంటికొచ్చిన ఆ రోజు ఆమె ఏడవలేదు. ఏడ్చేస్తే సరిపోయేది, ఏడవకపోవడం వల్ల అది లోపలే ఉండిపోయింది. అందుకే ఆర్.ఎస్. పురంలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ లాబరేటరీకి ప్రయోగాలు చేసి చూపించే డిమాన్‌స్ట్రేటర్ కావాలని పేపర్లో పడిందని అళగిరిసామి చదివినప్పుడు, కోడలి కంటే ముందు అత్త లేచి నిలబడింది.

రంగసామి ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆయన పని నుంచి రిటైరై రెండేళ్లయినా మిల్లు కూత వినపడితే కూర్చున్నచోటే చొక్కా సర్దుకునే మనిషి. ఇంట్లో ఇప్పటికీ మేస్త్రీనే.

"ఒక తూరి పోనీ. వస్తే సరి. రాకుంటే ఇంగ ఈ పేచ్చు, ఈ మాట ఇంట్లో ఎత్తకూడదు. మళ్లీ పేపరు, మళ్లీ అప్లికేషను అంటే నేను ఒప్పుకోను" అన్నాడు.

ఆయన ఒకసారి అన్నాడంటే ఒకసారే. రెండో అవకాశం లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఉద్యోగానికి పిలిచినవాళ్లు ఒక షరతు పెట్టారు. వచ్చే ప్రతి అమ్మాయీ ఏదో ఒక స్ఫటికం లోపలి కట్టడాన్ని నమూనాగా చేసి తేవాలి. దాన్ని చూపిస్తూ పాఠం చెప్పాలి. వళ్లి ఏమాత్రం తడుముకోకుండా సోడియం నైట్రేట్ అంది.

"అదేమి?" అన్నాడు రంగసామి అనుమానంగా.

"వెడియుప్పు ఉండాది కద మామా, టపాసుల్లో వేసేది? దానికి తోడబుట్టింది."

రంగసామి కుర్చీ వెనక్కి జరిపాడు. "ఇంట్లో పసిపిల్లోళ్లు తిరిగే లైను ఇది. బాంబు చేస్తావా?"

వళ్లి నవ్వాపుకుంటూ ట్రంకు పెట్టెలోంచి మూత బిగించిన చిన్న సీసా తీసింది. మదురైలో చదివేటప్పుడు ఆ ఉప్పును నీళ్లలో కరిగించి, రోజుల తరబడి కదలకుండా ఉంచి తనే పెంచిన స్ఫటికపు పలుకట అది. బొటనవేలి గోరంత ఉంటుంది, అద్దంలా తేటగా ఉంటుంది. పెట్టె ఆకారంలో ఉన్నా దాని మూలలు చదరంగా ఉండాల్సింది పోయి ఒక పక్కకు ఒరిగినట్టుంటాయి. దాన్ని నేలకు కాస్త పైన పట్టుకుని అటుగా పోతున్న చీమను అందులోంచి చూడమంది. లక్ష్మమ్మాళ్ వంగి చూసింది. పలుకు కింద ఒక్క చీమ రెండు చీమలై నడుస్తోంది.

"అడడా!" అంది లక్ష్మమ్మాళ్.

రంగసామి పక్కకు చూస్తూనే ఉన్నాడు గాని మెడ మాత్రం ఇటు సాగింది. కోడలు వంటింట్లోకి వెళ్లాక మెల్లగా వచ్చి, ఆ పలుకును తన అరచేతి గీత మీద పెట్టుకుని ఆయుష్షు రేఖ రెండుగా కనిపించడం చూసి చాలాసేపు సంతోషించాడు. ఆ తర్వాత బాంబు మాట ఎత్తలేదు.

నమూనా చేయడానికి కొయ్య ఉండలు, ఇత్తడి చువ్వలు కావాలంది వళ్లి. మదురైలో అయితే కాలేజీలో ఉండేవట. ఇక్కడెక్కడ దొరుకుతాయని ముఖం వేలాడేసింది. లక్ష్మమ్మాళ్‌కు అది పెద్ద చిక్కుగా కనిపించలేదు. అటక మీద పాత పేపర్ల కట్టలున్నాయి. వాటిని చించి నానబెట్టి, గుప్పెడు మెంతులు కలిపి రోట్లో వేసి రుబ్బింది. ఆ గుజ్జుతో ఆ ఊరి ఆడవాళ్లు చేటలు మెత్తుతారు, బుట్టలు చేస్తారు. లక్ష్మమ్మాళ్ ఉండలు చేసింది. ఎలక్షన్ల గొడవలు, సినిమా బొమ్మలు, మిల్లు స్ట్రైకు వార్తలు అన్నీ కలిసి ఆమె అరచేతుల్లో గుండ్రంగా తిరిగి, పళ్లెంలో లడ్డూల్లా కూర్చున్నాయి.

"సోడియం పసుప్పచ్చ అత్తా. నత్రజని నీలం. ఆక్సిజన్ ఎర్రన" అంది వళ్లి.

పసుపు ఇంట్లోనే ఉంది. ఎరుపుకు కుంకుమ. నీలానికి తెల్ల బట్టలకు పెట్టే నీలిమందు. రంగులన్నీ ఎండాక ఇంట్లో పెళ్లి పనులు జరుగుతున్నట్టే ఉంది. పక్కింటివాళ్లు వచ్చి ఏమి విశేషమని అడిగితే, "మా కోడలు ఉప్పు చేస్తా ఉండాది" అని లక్ష్మమ్మాళ్ ఎంతో గొప్పగా చెప్పేది.

వళ్లి అట్టముక్కల్ని మూడు మూలలుగా కత్తిరించి, మధ్యలో నీలం ఉండ, మూల మూలకూ ఎర్ర ఉండ అంటించింది. అదొక త్రికోణం. నైట్రేట్ అంటే అదేనట, తమలపాకులా బల్లపరుపుగా పడుకుని ఉంటుందట. అళగిరిసామి విరిగిన గొడుగు ఒకటి తెచ్చి దాని కమ్మీలు విడదీసి, ప్యాకింగ్ పెట్టె పలక మీద నిలువుగా బిగించి ఇచ్చాడు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. ఒక్కో కమ్మీకీ పసుపు ఉండ, దాని మీద త్రికోణం, మళ్లీ పసుపు ఉండ, మళ్లీ త్రికోణం, ఇలా గుచ్చుకుంటూ పోవాలి. జారిపోకుండా కమ్మీకి దూది చుట్టారు. దాంతో త్రికోణాలు గట్టిగా పట్టుకున్నాయి, బలంగా తిప్పితే తప్ప తిరగవు.

గుచ్చే పని వళ్లిదే. ఆ సాయంత్రం ఆమె ఏదో చెబుతూనే గుచ్చింది. లక్ష్మమ్మాళ్ ఊఁ కొడుతూనే ఉంది గాని, పొయ్యి మీద రాగిసంగటి అడుగంటుతున్న వాసన వచ్చి సగంలో లేచిపోయింది. తిరిగొచ్చేసరికి నమూనా నిలబడి ఉంది. పసుపు, ఎరుపు, నీలం అంతస్తులంతస్తులుగా, చిన్న గోపురంలా ఉంది. తన చేతి ఉండలు అంత అందంగా ఉంటాయని ఆమె అనుకోలేదు. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

మంచి పనికి తీసుకుపోయే వస్తువును ముందు దేవుడి అల్మారాలో పెట్టి దీపం చూపించడం ఆ ఇంటి పద్ధతి. అళగిరిసామి మొదటి రోజు పట్టుకెళ్లిన స్పానరు కూడా అక్కడ కూర్చుని బొట్టు పెట్టించుకుంది. పరీక్ష రోజు తెల్లవారగానే వళ్లి తలస్నానానికి వెళ్లింది. లక్ష్మమ్మాళ్ నమూనాను ఎత్తి అల్మారాలో పెట్టి, దీపం వెలిగించి, చేతులు జోడించి, అప్పుడు చూసింది.

సగం త్రికోణాల కొనలు దక్షిణం వైపు చూస్తున్నాయి.

దక్షిణం యముడి దిక్కు. ఆ ఇంట్లో దీపం వత్తి అటు తిరగకూడదు, తాంబూలంలో ఆకు కొన అటు ఉండకూడదు. మిల్లులో ఆడవాళ్లను తీసేసిన రోజు పొద్దున ఎవరో దక్షిణం వైపు తిప్పి పెట్టిన దీపాన్ని తను చూసీ సరిచేయకుండా షిఫ్టుకు పరిగెత్తినందుకే పని పోయిందని లక్ష్మమ్మాళ్ ఈనాటికీ నమ్ముతుంది. మిల్లు యజమానులు మిషన్లకు ఏడాది ముందే ఆర్డరు ఇచ్చారని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

నమూనాను మొత్తంగా వెనక్కి తిప్పి పెట్టింది. ఇప్పుడు మిగతా సగం దక్షిణం వైపు చూశాయి. అడ్డంగా పెడదామంటే అల్మారా ఇరుకు. మళ్లీ మొదటిలాగే పెట్టి పరీక్షగా చూస్తే సంగతి అర్థమైంది. ఒక్కో కమ్మీకి ఒక త్రికోణం ఉత్తరానికి, దాని మీదది దక్షిణానికి, మళ్లీ ఉత్తరానికి. పాపం, పిల్ల వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. మత్తులో ఒకటి అటు ఒకటి ఇటు గుచ్చేసింది. రీలింగ్ ఖాతాలో కొత్త పిల్లలు చిలపల్ని ఇలాగే అటూ ఇటూ పేరిస్తే, సూపర్‌వైజరు చూడకముందే లక్ష్మమ్మాళ్ గబగబా అన్నీ ఒకే వైపు తిప్పి వాళ్లను కాపాడేది.

ఇప్పుడూ అదే చేసింది. దక్షిణం చూస్తున్న ప్రతి త్రికోణాన్నీ రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా, కుంకుమ రాలకుండా ఉత్తరానికి తిప్పింది. మూడు మూలల బొమ్మకు మిగతా రెండు మూలలు ఎటో ఒకవైపు చూస్తాయి కదా అంటే, వాటితో ఆమెకు పేచీ లేదు. అన్నీ ఒకే వైపు తిరిగాక నమూనా కవాతులో నిలబడ్డ పోలీసుల్లా పద్ధతిగా కనిపించింది. హారతి ఇచ్చి, ఉతికిన పంచెతో చుట్టి, తాడుతో ముడి వేసింది. కోడలికి ఈ సంగతి చెప్పి ఆఖరి నిమిషంలో దాని మనసు కలత పెట్టకూడదనుకుంది. ప్రేమ ఎక్కువైనప్పుడు మనుషులు చేసే పనులు ఇలాగే ఉంటాయి.

అళగిరిసామికి పగటి షిఫ్టు. రంగసామి వస్తే దారి పొడుగునా మేస్త్రీగిరీ చేస్తాడు. కాబట్టి అత్తాకోడళ్లే బస్సెక్కారు. మూటను లక్ష్మమ్మాళ్ ఒళ్లో పెట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా చంటిబిడ్డను ఎత్తినట్టు పైకి ఎత్తి పట్టుకుంది. కండక్టరు దానికి టికెట్టు అడిగితే, "ఇది ఉప్పయ్యా" అంది. వళ్లి కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుకుంటూ పాఠం వల్లె వేసుకుంటోంది. ఆకుపచ్చ చీర, తడి ఆరని జడ. ఆ పక్కన కూర్చుని పోవడం లక్ష్మమ్మాళ్‌కు ఎంత బాగుందంటే, ఉద్యోగం సంగతి కూడా కాసేపు మరిచిపోయింది.

కాలేజీలో ఇంకో ముగ్గురు అమ్మాయిలు వచ్చి ఉన్నారు. వాళ్ల నమూనాలు కొయ్య ఉండలతో, పాలిష్ చేసిన చువ్వలతో మెరిసిపోతున్నాయి. ఒక్కొక్కరూ లోపలికి వెళ్లి ఇంగ్లీషులో గలగలా చెప్పి వచ్చారు. తలుపు తెరిచే ఉంది. ఎదురుగా వసారా బెంచీ మీద కూర్చుంటే లోపల అంతా కనిపిస్తుంది. బల్ల వెనక ఇద్దరు. ఒకరు మదరాసు నుంచి వచ్చిన ప్రొఫెసరు, బట్టతల, అలసిన ముఖం. ఇంకొకరు కెమిస్ట్రీ విభాగం పెద్ద, ధనభాగ్యం మేడం. తెల్ల చీర, మెడలో సన్నటి గొలుసుకు సిలువ. నవ్వనే నవ్వని ముఖం.

వళ్లి పేరు పిలిచారు. ఆమె లోపలికి వెళ్లి, నమస్కారం పెట్టి, బల్ల మీద మూట విప్పింది.

లక్ష్మమ్మాళ్ కోడలి ముఖాన్నే చూస్తోంది. అందుకే ఆ ముఖంలో రక్తం ఇంకిపోవడం ఆమెకు మొట్టమొదట కనిపించింది. ప్రొఫెసరు ముందుకు వంగి నమూనాను చూసి, కళ్లద్దాలు సవరించుకుని, ఏదో అడిగాడు. ఆ ఇంగ్లీషు లక్ష్మమ్మాళ్‌కు అర్థం కాలేదు. కానీ ఆయన వేలు కింది నుంచి పైదాకా త్రికోణాల కొనల వెంబడే పోవడం చూసింది. తను పొద్దున తిప్పిన కొనలవి. తప్పు పిల్లది కాదని, తనదని అప్పుడు తెలిసింది.

వళ్లి తల తిప్పి తలుపు వైపు చూసింది. అత్త ముఖం చూడగానే అంతా అర్థమైపోయినట్టుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తెరిచాక తమిళంలో, మామూలు గొంతుతో మాట్లాడింది. "సార్, ఇది తప్పు నమూనా. ఎందుకు తప్పో చెప్పి, సరిచేసి చూపిస్తాను. పలక పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి."

ప్యూనును పిలుస్తామన్నాడు ప్రొఫెసరు.

"వద్దు సార్. మా అత్త ఉన్నారు."

చెప్పులు వసారాలో వదిలి, కొంగు నిండా కప్పుకుని లక్ష్మమ్మాళ్ లోపలికి వెళ్లింది. రీలింగ్ ఖాతా నుంచి పంపేసిన రోజు కూడా ఆమె ఇంత కుంచించుకుపోలేదు. వళ్లి ఆమె రెండు చేతుల్నీ తీసి పలక మీద పెట్టి, బల్ల వెనకవాళ్లకు అర్థం కాదని నమ్మి తమ ఇంటి తెలుగులో, పెదాలు కదిలీ కదలకుండా అడిగింది.

"ఎవరు తిప్పినారు అత్తా?"

"నేనే కణ్ణు, నా తల్లీ. సగం దక్షిణం చూస్తా ఉండె. మంచి పనికి పోతా ఉండామే అని..."

"అవి దక్షిణం చూడాలనే నేను గుచ్చినా."

"ఇప్పుడా చెప్పేది?"

"ఆ పొద్దే చెప్పినా. మీరు సంగటి దించను పోయినారు."

ధనభాగ్యం మేడం గొంతు సవరించుకుంది. ప్రొఫెసరు గడియారం చూసుకున్నాడు.

"సరి, ఇప్పుడు తిప్పండి" అంది వళ్లి.

"నేనా? నా చేత్తోనా? ఈ పొద్దా?" లక్ష్మమ్మాళ్ వేళ్లు పలకను ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. "నువ్వు తిప్పు తల్లీ. నా చేత్తో దక్షిణానికి తిప్పితే ఉండే కొంచం కూడా పోతాది."

"నువ్వు తిప్పిందాన్ని నువ్వే తిప్పు అత్తా!"

పెళ్లయిన రోజు నుంచీ వళ్లి అత్తను నువ్వు అన్నది లేదు. కోపంలో జారిన ఆ మాట లక్ష్మమ్మాళ్‌కు కోడలి మాటలా అనిపించలేదు. కన్నకూతురు ఓపిక నశించి అరిచినట్టుంది. ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచింది. మధ్య కమ్మీలో కింది నుంచి రెండో త్రికోణాన్ని పట్టుకుంది. దీపం గుర్తొచ్చింది, టిఫిన్ డబ్బాతో ఇంటికి నడిచిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని తిప్పేసింది.

ఏమీ కాలేదు. కిటికీ బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఇప్పుడు పైనుంచి చూడు అత్తా" అంది వళ్లి. గొంతులో కోపం ఉంది గాని అడుగున ఇంకేదో చేరింది. "కింది దాని ఎర్ర ఉండలు యాడుండాయి? పై దానివి యాడ వచ్చినాయి?"

లక్ష్మమ్మాళ్ ఒక కన్ను మూసి కమ్మీ మీదుగా కిందికి చూసింది. ఇందాక ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్న ఎర్ర ఉండలు ఇప్పుడు విడిపోయాయి. పైవి కింది వాటి సందుల్లోకి వచ్చాయి. మూడు ఎర్రవి, మధ్యలో మూడు ఎర్రవి, ఆరు రేకుల పువ్వు విచ్చినట్టుంది.

"సందుల్లోకి వచ్చినాయి" అంది ఆశ్చర్యంగా. "ఇటికె మీద ఇటికె పేర్చేటప్పుడు కింది సందు మూస్తారే, అట్ల."

"అట్లే. నెత్తి మీద నెత్తి పెట్టుకుంటే ఇరుకు. ఎదురెదురుగా పడుకుంటే అందరికీ తావుంటాది. ఇంగ ఆ పైది?"

"అది అన్నిటికంటే అడుగుదాని మాదిరి. ఇటే."

"దాని పైది?"

"అటు."

వళ్లి ప్రొఫెసరు వైపు తిరిగి అదే సంగతి తమిళంలో, మధ్యమధ్య ఇంగ్లీషులో చెప్పింది. అన్నీ ఒకే వైపు చూస్తే ఒక్క అంతస్తు ఎక్కగానే మొదటికి వచ్చినట్టవుతుంది. ఎదురు వరసలు కాబట్టి రెండు అంతస్తులు ఎక్కితే గాని మొదటి వరస మళ్లీ రాదు. ఎక్స్‌రే చిత్రంలో ఆ రెట్టింపు ఎత్తుకు గుర్తుగా అదనపు చుక్కలు పడతాయి. ఆ చుక్కలు ఉన్నాయి కాబట్టి, ఇందాకటి నమూనా చూడ్డానికి ఎంత బాగున్నా అబద్ధం. అయినా అన్ని త్రికోణాలూ బల్లపరుపుగానే పడుకుంటాయి కాబట్టి వెలుగు ఈ ఉప్పులో ఒక దిక్కున ఒక తీరుగా, ఇంకో దిక్కున ఇంకో తీరుగా నడుస్తుంది. చీమ రెండుగా కనిపించేది అందుకే. ఇదంతా చెబుతుంటే ఆమెకు మాటలు తడబడలేదు. బస్సులో వల్లె వేసుకున్న పాఠంలోది ఒక్క వాక్యం కూడా అందులో లేదు.

ఆమె అటు చెబుతున్నంతసేపూ లక్ష్మమ్మాళ్ ఇటు తిప్పుతూనే ఉంది. ఒక కమ్మీ అయ్యాక ఇంకో కమ్మీ. మొదటి రెండింటికి భయపడింది. మూడోదానికి లెక్క చూసుకుంది. ఆ తర్వాత రీలింగ్ ఖాతాలో చేతులు ఎలా ఆడేవో అలా ఆడాయి. ధనభాగ్యం మేడం కుర్చీలోంచి లేచి వచ్చి, ఆఖరి కమ్మీలో పై త్రికోణాన్ని వేలితో చూపించి, ఇది ఏ పక్కకని తమిళంలో అడిగింది.

"ఇదు ఎంద పక్కం, అమ్మా?"

"ఆ పక్కం" అని లక్ష్మమ్మాళ్ తిప్పేసింది. అది దక్షిణమని గుర్తొచ్చేసరికి తిప్పడం అయిపోయింది.

వసారాలో మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు. మిగతా ముగ్గురు అమ్మాయిలూ తమ నమూనాలతో ఒక మూలగా నిలబడ్డారు. ముందుగా లక్ష్మమ్మాళే కొంగుతో ముఖం తుడుచుకుని అంది.

"మీ మామ ఒక తూరే అన్నాడు. ఆ ఒక తూరినీ నేనే చెడిపినా. ఆయనకు నేనే చెప్తా."

"కోపం వచ్చింది అత్తా" అంది వళ్లి ఎదురుగా గోడ చూస్తూ. "ఇంగా ఉండాది."

"ఉండనీ. నాకూ నా మీద ఉండాది."

లోపల ప్రొఫెసరు సంతకాలు పెడుతున్నాడు. ప్యూను బయటికొచ్చి ముగ్గురు అమ్మాయిల్ని తమ సామాన్లు తీసుకుని వెళ్లవచ్చన్నాడు. వళ్లిని మాత్రం ఉండమన్నాడు. అది మంచికో చెడుకో తెలియక లక్ష్మమ్మాళ్ కొంగు కొస నలుపుతూ కూర్చుంది. అప్పుడు ధనభాగ్యం మేడం తనే బయటికి వచ్చింది.

"అమ్మా, మీ కోడల్ని సోమవారం నుంచి పంపీండి" అంది. "ఆ మూడు బిడ్డలూ బాగానే చెప్పినారు. తెలిసిన మాకే చెప్పినారు. ఈ పాప తెలియని మనిషికి చెప్పింది. ఈడికి వచ్చే పిల్లోళ్లంతా తెలియకనే వస్తారు. నాకు కావాల్సింది ఇట్లాంటి పిల్లే."

లక్ష్మమ్మాళ్‌కు ముందు వార్త మాత్రమే వినపడింది. అది గుండెల్లోకి దిగి, కళ్లు తడిసి, వళ్లి భుజం పట్టుకుని ఊపేసిన తర్వాత గాని, ఆ వార్త ఏ భాషలో వచ్చిందో తట్టలేదు.

"మీరు... మన బాసా?"

ధనభాగ్యం మేడం ముఖం మొదటిసారి నవ్వింది. "మా ఇంట్లో ఇదే మాట్లాడతాము. లోపల మీరు కొట్లాడుకొనింది ఒక మాట కూడా నేను విడవలేదు. సంగటి దించను పోయినారంట కద?"

వళ్లి సిగ్గుతో తల దించుకుంది. లక్ష్మమ్మాళ్ నవ్వబోయి, సగంలో ఆగింది. ఆ తెలుగు ఎక్కడిదో ఆమె చెవికి తెలిసింది. మిల్లు వెనక వరసలో, తక్కువ కులమని అందరూ దూరం పెట్టే కసువూడ్చే వాళ్లుండే ఇళ్లది. రీలింగ్ ఖాతాలో ఉన్నన్నాళ్లూ మిషన్ల కింద దూది ఊడ్చుకుంటూ వాళ్లు ఆ తెలుగులోనే మాట్లాడుకునేవారు. అది మన తెలుగు కాదు అని ఇంట్లో అందరూ అనేవారు. లక్ష్మమ్మాళ్ కూడా అంది. కాళ్ల పక్కన చీపురు ఆడుతుంటే, ఏమే, జరుగు, అని తప్ప వాళ్లతో ఇంకో మాట మాట్లాడిన గుర్తు లేదు. ఆమె బతుకులో విన్న అన్నిటికంటే మంచి మాట ఇప్పుడు ఆ తెలుగులోనే వచ్చింది.

"మా అమ్మ మీ పీళమేడు మిల్లులోనే ఊడ్చేది" అంది ధనభాగ్యం మేడం, ఆమె అడగకముందే. ఆ మాటను ఆమె దాచలేదు, ఎత్తి చూపించనూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

లక్ష్మమ్మాళ్ బెంచీ మీంచి లేచి నిలబడింది.

"మీ అమ్మ పేరేమమ్మా?"

"రామాయి."

ఆ పేరు ఆమెకు తెలియదు. పన్నెండేళ్లు ఒకే కప్పు కింద పనిచేసి, ఊడ్చేవాళ్లలో ఒక్కరి పేరూ అడగలేదని ఇప్పుడు తెలిసి సిగ్గేసింది. ఆ సిగ్గు ముఖం మీద కనిపించినా కనిపించనీ అనుకుంది.

"అమ్మ ఉండారా?"

"ఉండాది. నాతోనే ఉండాది. కండ్లు సరిగ్గా కనపడవు."

"మీ నోరు చల్లగుండాలమ్మా" అంది లక్ష్మమ్మాళ్. "ఆదివారం అమ్మను పిలుచుకోని మా ఇంటికి రావాల మీరు. నేను వండి పెడతా. అమ్మ పక్కన కూర్చోని తినాల మేము."

ధనభాగ్యం మేడం ఆమెను కాసేపు చూసింది. ఇలాంటి మాటలు ఊరికే అనేవాళ్లను ఆమె చాలామందిని చూసి ఉంటుంది.

"చెప్తా అమ్మతో" అంది. "రీలింగ్‌లో మీ పేరేమని చెప్పాల?"

"లక్ష్మి అని చెప్పండి. నా పేరు ఆమెకు తెలిసే ఉంటాది."

వళ్లి ఇదంతా పక్కనే నిలబడి వింది. కోపం ఉందో పోయిందో గాని, వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కుంకుమతో ఎర్రగా ఉంది.